సాంబయ్య నెత్తుట్లో కత్తెర్లు

వీరులపాడు మండలంలో సాంబయ్య కథ ఒక్కటైనా వినని మనిషంటూ ఉంటే, ఆ మనిషి నిన్నగాక మొన్న కాపరానికొచ్చిన కొత్త కోడలై ఉండాలి. పెళ్ళి పందిట్లోనైనా, మిరప కల్లంలోనైనా, బస్సు కోసం నిలబడ్డ చోటైనా సరే, నలుగురు కనపడితే చాలు, ఆయన గొంతు సవరించుకుంటాడు. ఆయనకున్న కథలన్నిట్లోకీ బాగా నలిగింది, బాగా నవ్వించేది భార్య కమలాకుమారి కాన్పు కథ.

కథ ఇదీ. కూతురు ఆమని పుట్టే రోజున కమలాకుమారిని నందిగామ ఆసుపత్రిలో చేర్చారు. నొప్పులొచ్చాయి. ఆవిడ పెట్టిన కేకకి మునేరు ఏటికవతల మేస్తున్న గొర్రెలు బెదిరిపోయి, కాపరిని వదిలేసి, కంచికచర్ల దాకా పరిగెత్తాయట. ఆ కాపరి వాటిని తోలుకొచ్చాక పనిగట్టుకుని ఆసుపత్రికొచ్చి, ఆ మహాతల్లి ఎవరో చూసిపోయాడట. ఇక్కడ సాంబయ్య కాసేపు ఆగి, "మా ఆవిడ ఉన్న ఇంటికి మైకు దండగ" అంటాడు. నలుగురూ పడీపడీ నవ్వుతారు.

కమలాకుమారి కూడా నవ్వేది. మొదట్లో సిగ్గుతో నవ్వేది, తర్వాత అలవాటుతో నవ్వేది. కథ చెప్పేవాడికేం పోయింది, నొప్పి పడ్డది ఆయన కాదు కదా. ఆ రోజు గుమ్మం బయట గోళ్ళు కొరుక్కుంటూ నిలబడ్డ మనిషికి గొర్రెలు ఎక్కణ్ణుంచి కనపడ్డాయో ఆవిడ ఏనాడూ అడగలేదు. ఈమధ్య మాత్రం నవ్వు రావడం మానేసింది.

దానికి కారణం ఆమని. జగ్గయ్యపేటలో సిమెంటు ఫ్యాక్టరీలో పనిచేసే సతీష్‌బాబుకిచ్చి చేశారు. ఇప్పుడు నెలలు నిండుతున్నాయి. ఒకరోజు ఫోన్లో ఆ పిల్ల ఊరికే అన్నట్టు అంది: "నేను మాత్రం నీలాగా అరవనమ్మా. నాన్న గొర్రెల కథ మా అత్తగారి వాళ్ళకి కూడా చెప్పేశాడు. నేను నోరు తెరిస్తే జగ్గయ్యపేటలో ఇంకో కథ పుడుద్ది. పళ్ళు బిగబట్టుకుని కనేస్తా."

ఆ మాటకి కమలాకుమారికి ఒళ్ళు మండిపోయింది. తన మీద కథ చెప్పుకుని ఇన్నేళ్ళూ నవ్వుకున్నారు, సరే. కడుపులో బిడ్డనెట్టుకున్న పిల్ల ఆ నవ్వుకి భయపడి నోరు కట్టేసుకోవడమేంటి. పురుడొచ్చే లోపల ఈ కథ చచ్చిపోవాలని ఆవిడ ఆ రోజే మనసులో గట్టిగా అనుకుంది. ఎలా చంపాలో మాత్రం తోచలేదు.

ఇంతలో కాయలు కోల్డుస్టోరేజీకి ఎత్తే రోజొచ్చింది. జాన్‌బాషా తన ట్రాక్టరు తెచ్చాడు. ఇతను వాళ్ళ ఊరివాడే, సాంబయ్యని బాబాయ్ అనీ కమలాకుమారిని పిన్నీ అనీ పిలుస్తాడు. ట్రాక్టరు వెనక తగిలించిన ట్రక్కు నిండా టిక్కీలు, అంటే మిరపకాయలు కూరిన బస్తాలు, వేశారు. కాలవ కట్ట మీద ట్రాక్టరు వెనక్కి నడపాలి. సాంబయ్య వెనకాల నిలబడి "రానీ, రానీ" అని చేత్తో పిలుస్తున్నాడు. పిలిచేవాడు కట్ట అంచు చూసుకోవాలి కదా, చూసుకోలేదు. వెనక చక్రం జారింది, టిక్కీలతో సహా ట్రక్కు ఒరిగింది, సాంబయ్య కుడికాలు దాని కింద పడింది. తొడ ఎముక విరిగింది. మోకాలి కింద కండ చీరుకుపోయింది.

అప్పుడు ఆయనేం చేశాడో చూడండి. కేక పెట్టలేదు. మూలగలేదు. మొహం తెల్లగా పాలిపోయింది గానీ గొంతు మాత్రం వణకలేదు. "ఒరే బాషా, ముందు టిక్కీలు తీయించరా. కాలవలో నీళ్ళున్నాయి, కాయ తడిస్తే రంగు పోద్ది" అన్నాడు. కూలీలు నిర్ఘాంతపోయారు. అంబులెన్సులో పడుకోబెడితే పక్కనున్న కుర్రాడి ఇంటిపేరు అడిగి, చందర్లపాడు వైపునుంచి చుట్టరికం కలిపాడు.

కమలాకుమారి ఒక్కో కాలికి ఒక్కో జతలోని చెప్పు వేసుకుని నందిగామ ఆసుపత్రికి పరిగెత్తుకొచ్చేసరికి లోపల్నుంచి మొగుడి గొంతు వినపడింది. నర్సుని సొంతూరేదని అడుగుతున్నాడు. ఆవిడకి ప్రాణం లేచొచ్చింది. ఆ వెనకే అనుమానం కూడా వచ్చింది. కాల్లో తుమ్మముల్లు దిగితే పిన్నీసు పట్టుకున్న పెళ్ళాన్ని చూసి ఇల్లంతా కుంటుతూ పారిపోయే మనిషి ఈయన. ఇంత గుండె ఎప్పుడు మొలిచింది?

ఆ అనుమానానికి జవాబు సుస్మిత అనే డాక్టరమ్మ దగ్గర దొరికింది. సన్నగా ఉండి గబగబా నడిచే మనిషి. విజయవాడలో పై చదువు చదువుతూ, పరిశోధన కోసం ఈ ఆసుపత్రికి వస్తోంది. హైవే మీద దెబ్బలు తగిలినవాళ్ళని ముందు ఇక్కడికే తెస్తారు గనక ఆవిడకి కావలసినవాళ్ళు ఇక్కడే దొరుకుతారు. మిగతా పరీక్షలకి నెత్తురు తీసేటప్పుడు తనకోసం ఇంకో గొట్టం తీసుకుంటానని, ఆ తర్వాత కూడా అప్పుడప్పుడూ తీసుకుంటానని కమలాకుమారిని అడిగి సంతకం పెట్టించుకుంది. పోల్చి చూడటానికి దెబ్బ తగలని మనిషి నెత్తురు కూడా కావాలంటే కమలాకుమారి జాకెట్టు చెయ్యి పైకి మడిచింది. గొట్టాలు ఐసుపెట్టెలో సర్దుతుంటే ఇదంతా దేనికమ్మా అని అడిగింది.

"మన ఒంట్లోనే నల్లమందులాంటిది కొంచెం తయారవుద్దండి. పెద్ద దెబ్బ తగిలినప్పుడు ఇంకాస్త ఎక్కువ. పూసలు గుచ్చిన దండలాగా ఉంటదనుకోండి. నెత్తుట్లో ఆ దండని తెంపేసేవి కొన్నుంటాయి. మామూలుగా నిమిషాల్లో ముక్కలు చేసేస్తాయి. ఒళ్ళు బాగా దెబ్బతిన్నప్పుడు ఆ తెంపటంలో తేడా వస్తదా అని చూస్తున్నా. ఇక్కడ తీసిన నెత్తుట్లో ఆ పదార్థం కలిపి, ఎంతసేపట్లో ముక్కలవుద్దో కొలుస్తా. గాజు గొట్టంలోనేనండి, ఆయన ఒంట్లో ఏమీ వెయ్యం."

"అంటే కత్తెర్లన్నమాట" అంది కమలాకుమారి.

"కత్తెర్లే అనుకోండి."

"మరి మా ఆయన కత్తెర్లు ఆ రోజు నిద్రపోయినట్టున్నాయి."

సుస్మితకి నవ్వొచ్చింది. కానీ చదువుకున్న మనిషి గనక నవ్వు ఆపుకుని, ఒక్కరి నెత్తురు చూసి అలా తేల్చకూడదని చెప్పింది. పైగా తను చూసేది నెత్తురనీ, నొప్పి తెలిసేది మెదడులో అనీ, ఈ రెండిటికీ ముడి ఎంత గట్టిదో ఇంకా తెలీదనీ వివరించింది. కమలాకుమారి బుద్ధిగా తలూపింది. అందులో తనకి పనికొచ్చేది మాత్రం మూట కట్టుకుంది.

తొడలో రాడ్డు వేశారు. పరామర్శలు మొదలయ్యాయి. మన వైపు పరామర్శ అంటే తెలిసిందే కదా. బత్తాయిలు, బ్రెడ్డు పట్టుకుని వస్తారు, మంచం చుట్టూ నిలబడతారు, ఎలా జరిగిందని అడుగుతారు. ప్రతి గుంపుకీ మొదట్నుంచీ చెప్పాలి, లేకపోతే వచ్చినవాళ్ళు చిన్నబుచ్చుకుంటారు. సాంబయ్యకి అంతకన్నా ఏం కావాలి? గుంపు గుంపుకీ టిక్కీల కథ కొత్త హంగులు తొడుక్కుంది. ముందు "కాయ తడిస్తే రంగు పోద్ది" ఒక్కటే ఉండేది. తర్వాత ట్రక్కు కింద పడుకునే టిక్కీలు లెక్కపెట్టాడని వచ్చింది. ఇంకో వారానికి కాలు మీద ట్రక్కుండగానే మార్కెట్టులో రేటెంతుందో ఫోన్లో కనుక్కున్నాడని వచ్చింది. చివర్లో ఎప్పుడూ ఒకటే ముక్తాయింపు. ఆడవాళ్ళు చిన్న నొప్పికే మునేరు దాటేట్టు అరుస్తారనీ, మగాడికి కాలు నలిగినా కన్ను తడవలేదనీ అనేవాడు. అంటే గొర్రెల కథ చావకపోగా దానికి జోడీ దొరికింది.

ఆ జోడీ కథకి లోపలి వైపొకటుంది. అది కమలాకుమారికి ఒక్కదానికే తెలుసు. కాలి గాయానికి కట్టు మార్చే వేళకి సాంబయ్య తలుపు వేయించేవాడు. తువ్వాలు ఉండ చుట్టి నోట్లో కుక్కుకునేవాడు. నర్సు పాత గుడ్డ ఊడదీస్తుంటే కళ్ళు పెద్దవి చేసి పైకప్పు వంక చూసేవాడు. కళ్ళమ్మట నీళ్ళు కారి చెవుల్లోకి పోయేవి. నొప్పి తగ్గే ఇంజెక్షను టైము కాకముందే వేయించమని భార్యకి సైగలు చేసేవాడు. అరిస్తే అరవండి, ఎవరేమనుకుంటారని ఆవిడ అంటే తలుపు వంక చూపించేవాడు. తలుపవతల బత్తాయిలతో జనం ఉన్నారు మరి. మొగుడి నుదురు తుడుస్తుంటే ఆవిడకి జాలేసేది, కోపమూ వచ్చేది. ఏది ఎక్కువో చెప్పడం కష్టం.

కోపం ఎక్కువైన రోజున ఆవిడ ఒక పని చేసింది. జాన్‌బాషా రోజూ వచ్చి, ట్రాక్టరు నాదే కదా పిన్నీ అని బాధపడుతుంటాడు. అతన్ని వరండాలోకి పిలిచి, ఎవరికీ చెప్పొద్దని ఒట్టు వేయించుకుని, డాక్టరమ్మ చెప్పిన సంగతీ, డాక్టరమ్మ చెప్పని సంగతీ కలిపి చెప్పింది. "మీ బాబాయ్ నెత్తుట్లో నల్లమందు ఊరిందట బాషా. దాన్ని తెంపాల్సిన కత్తెర్లు ఆ రోజు నిద్రపోయాయట. అందుకే నొప్పి తెలీలా. ఇందులో ఈయన గొప్పేముంది?"

జాన్‌బాషా ఒట్టు మీద నిలబడే మనిషే. ఎవరికీ చెప్పలేదు, ఒక్క భార్య మెహరాజ్‌కి తప్ప. మర్నాటికి ఊరు ఊరంతా సాంబయ్య నెత్తురు గురించే మాట్లాడుకుంది.

పరామర్శల తీరు మారిపోయింది. వచ్చినవాళ్ళు ధైర్యం ఊసెత్తడం మానేశారు. నల్లమందు ఊరేటప్పుడు ఎలా ఉంటది, మత్తుగా ఉంటదా, తియ్యగా ఉంటదా అని అడుగుతున్నారు. ఒకాయన కాస్త దూరంగా నిలబడి, ఇది పోలీసోళ్ళకి తెలిస్తే ఇబ్బందేమో చూసుకోమని సలహా కూడా ఇచ్చాడు. అన్నిటికీ మించి సాంబయ్య అక్కగారు రత్నమణి దిగింది. ఆవిడకి రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. మంచం పక్కన కుర్చీలో కూలబడి, ఆయాసం తీర్చుకుని, సూటిగా సంగతికొచ్చింది.

"ఒరే తమ్ముడూ, నీది ఏ గ్రూపురా?"

గ్రూపు దేనికక్కా అన్నాడు సాంబయ్య. తోడబుట్టినవాళ్ళ నెత్తురు ఇట్టే కలిసిపోతుందనీ, అరసీసా తనకి ఎక్కిస్తే మోకాళ్ళు కాస్త ఊరుకుంటాయనీ, ఎటూ అతనికి ఊరుతూనే ఉంటుంది గనక లోటేమీ లేదనీ ఆవిడ చెప్పింది. వచ్చేదారిలో ల్యాబులో కూడా అడిగిందట. వాళ్ళు పెద్ద డాక్టరు చీటీ తెమ్మన్నారట. ఆవిడ వెనకాల తలుపు దగ్గర మోకాళ్ళు పట్టుకుని ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు. కమలాకుమారి బత్తాయి వలిచే నెపంతో గోడ వైపు తిరిగింది. ఆవిడ భుజాలు ఎగిరెగిరి పడుతుంటే రత్నమణి అటు చూసి, ఊరుకో కమలా, తగ్గిపోతుందిలే, ఏడవకని ఓదార్చింది.

సాంబయ్యకి మాత్రం నవ్వు రాలేదు. సాయంత్రం సుస్మిత గొట్టం పట్టుకుని రాగానే ఆయన నిలదీశాడు. తన గుండె ధైర్యానికి నల్లమందు అంటగట్టడం ఏం న్యాయమన్నాడు. తన నెత్తుట్లో అలాంటిదేమీ లేదని నలుగురికీ చెప్పాలన్నాడు. సుస్మితకి ముందు విషయం అర్థం కాలేదు. కమలాకుమారి వంక చూసింది. కమలాకుమారి కిటికీ బయట పోయే బస్సుల వంక చూస్తోంది. అప్పుడు అర్థమైంది.

"లేదని ఎట్లా చెప్పనండీ" అంది సుస్మిత. "అది అందరి ఒంట్లోనూ ఉంటది. మీ ఒంట్లో ఉంది, నా ఒంట్లో ఉంది, మీ ఆవిడ ఒంట్లో ఉంది. అదుంది కాబట్టి మీకు ధైర్యం లేదని ఎవరూ అనలేరు. మీ ధైర్యాన్ని నేను కొలవట్లేదు."

"అందరికీ ఉంటదా" అంది కమలాకుమారి కిటికీ దగ్గర్నుంచి.

"అందరికీనండి. కాన్పు నొప్పుల్లో కూడా ఒళ్ళు అట్లాంటిది బాగానే తయారుచేసుకుంటది."

కమలాకుమారి మెల్లగా వచ్చి మంచం పక్కన నిలబడింది. ఆవిడ మొహంలో అల్లరి పోయింది. కొత్తగా ఏదో దొరికిన మనిషిలా ఉంది.

"అంటే నాకూ ఊరిందన్నమాట."

"ఊరే ఉంటదండి."

"ఊరినా కేక పెట్టా."

"పెడతారండి. అది ఊరినంత మాత్రాన నొప్పి లేకుండా పోదు. అరవటం తప్పేం కాదు."

కమలాకుమారి మొగుడి వంక చూసింది. సాంబయ్య కళ్ళు మూసుకుని నిద్రపోతున్నట్టు పడుకున్నాడు. సుస్మిత సూది చేతి దగ్గరికి తెచ్చేసరికి ఆ నిద్రపోతున్న మనిషి చెయ్యి దానంతటదే దుప్పట్లోకి పోయింది.

డాక్టరమ్మ వెళ్ళాక కమలాకుమారి ఇన్నేళ్ళలో అడగని మాట అడిగింది. ఆమని భయపడుతోందనీ, నోరు బిగబట్టుకుని కంటానంటోందనీ చెప్పింది. ఆ గొర్రెల కథ ఇంక మానెయ్యమంది. మానడమే కాదు, అది అబద్ధమని పిల్లతో ఒక్కసారి చెప్పమంది. సాంబయ్య కళ్ళు తెరవకుండానే విసుక్కున్నాడు.

"నవ్వుకోటానికే కదే. దానికింత రాద్ధాంతమా?"

ఆవిడ పళ్ళెం తీసుకుని బయటికొచ్చి కుళాయి దగ్గర చాలాసేపు కడిగింది. కడగడానికి అందులో ఏమీ లేదు. ఆవిడకి దుఃఖం వచ్చింది, అంతే.

మొదటి పురుడు పుట్టింట్లో పోసుకోవాలి. కానీ తండ్రి కాలు ఇనప కడ్డీ మీదుంటే ఆ ఇంటికి పిల్లని ఎలా తెస్తారు? అందుకని ఆనవాయితీ తిరగబడింది. సాంబయ్యకి ఆసుపత్రిలో సెలవిచ్చాక, ఆమని దగ్గర ఉండటానికి పుట్టిల్లే జగ్గయ్యపేట కదిలింది. జాన్‌బాషా కారొకటి మాట్లాడి, వెనక సీట్లో దిండ్లు పేర్చి, సాంబయ్యని పడుకోబెట్టి తీసుకొచ్చాడు. హైవే మీద గతుకు తగిలినప్పుడల్లా వెనకాల్నుంచి తువ్వాలు కొరికే చప్పుడు వినపడిందని అతను తర్వాత చెప్పాడు.

వాళ్ళొచ్చిన వారంలోనే మధ్యాహ్నం భోజనాల వేళ ఆమనికి నొప్పులు మొదలయ్యాయి. బస్టాండుకి దగ్గర్లో ఉన్న నర్సింగుహోములో చేర్చారు. సాంబయ్యని ఇంట్లో ఉండమంటే వినలేదు. చక్రాల కుర్చీలో కూర్చోబెట్టి, కుడికాలు వంగకుండా పలక మీద చాపి, వరండాలోకి తెచ్చారు. వియ్యపురాలు రోజారమణి ఉంది, సతీష్‌బాబు అటూ ఇటూ తిరుగుతున్నాడు, వాళ్ళ వైపు బంధువులు బెంచీ నిండా ఉన్నారు. కొత్త జనం. కాలికి కట్టు చూసి ఎలా జరిగిందని అడగనే అడిగారు. సాంబయ్య గొంతు సవరించుకున్నాడు.

లోపల కమలాకుమారి కూతురి చెయ్యి పట్టుకుని ఉంది. ఆమని ఒళ్ళంతా చెమటతో తడిసిపోయింది. నొప్పి వచ్చినప్పుడల్లా చున్నీ కొస నోట్లో కుక్కుకుని, కళ్ళు పెద్దవి చేసి పైకప్పు వంక చూస్తోంది. కళ్ళమ్మట నీళ్ళు కారి చెవుల్లోకి పోతున్నాయి. నర్సు మెర్లిన్ అప్పటికి చాలాసార్లు చెప్పింది, ఆ గుడ్డ తియ్యమని, ఊపిరి బిగబట్టొద్దని, అరవాలనిపిస్తే అరవమని. ఆమని తల అడ్డంగా ఊపుతోంది. బయట అత్తగారి వాళ్ళున్నారని సైగ చేసింది. తలుపు వంక చూపించింది.

ఆ సైగ కమలాకుమారికి బాగా తెలిసిన సైగ. కూతురి చెయ్యి వదిలి విసవిసా వరండాలోకొచ్చింది. సాంబయ్య ట్రక్కు కింద పడుకుని రేటు కనుక్కుంటున్న ఘట్టంలో ఉన్నాడు. ఆవిడ వచ్చి కుర్చీ ఎదురుగా నిలబడింది. బంధువులున్నారని చూడలేదు, గొంతు తగ్గించలేదు.

"మీ కూతురు నోట్లో గుడ్డ కుక్కుకుందండీ. అచ్చం మీలాగానే. నర్సు చెప్తే వినట్లా, నేను చెప్తే వినట్లా. ఎవరు వింటారని దాని భయమో తెలుసా? మీరు వింటారని. విని రేపు నలుగురికీ చెప్తారని."

బెంచీ మీదవాళ్ళు సర్దుకుని కూర్చున్నారు. సాంబయ్య మూసిన తలుపు వంక చూశాడు. లోపల్నుంచి చప్పుడు లేదు. పురుటి గదిలోంచి ఏ చప్పుడూ రాకపోవడం ఎంత భయంగా ఉంటుందో ఆయనకి అప్పుడే తెలిసినట్టుంది. ఆమని పుట్టిన రోజున ఇలాగే తలుపు బయట నిలబడ్డాడు. ఆ రోజు లోపల్నుంచి కేక వినపడుతూ ఉంది గనక, కమల ఇంకా ఉందని ధైర్యంగా ఉన్నాడు. ఆ సంగతి ఆయన ఏ కథలోనూ చెప్పలేదు.

"బాషా, ఆ కాలు కింద పలక తియ్యరా" అన్నాడు.

వద్దు బాబాయ్ అంటూనే జాన్‌బాషా తీశాడు. సాంబయ్య కుడికాలు మెల్లగా జారి నేలకి ఆనింది. ఆయన తువ్వాలు భుజం మీదే ఉంది. దాన్ని తీసి అవతల పారేశాడు. తర్వాత నోరు తెరిచాడు.

ఆ కేక గురించి ఎంత చెప్పినా తక్కువే. "అమ్మో, నా కాలు నాయనో, చచ్చిపోతున్నానే" అని మొదలైంది. రోజారమణి చేతిలో టీగ్లాసు ఒలికింది. సతీష్‌బాబు గోడకి ఆనుకున్నాడు. మందులషాపులోంచి మనుషులు బయటికొచ్చి చూశారు. మొదటి కేక ఆయన కూతురి కోసం పెట్టాడు, అందులో కాస్త నాటకం ఉంది. రెండోది మాత్రం పూర్తిగా ఆయన సొంతం. కాలవ కట్ట మీద రానిదీ, కట్టు మార్చినప్పుడల్లా తువ్వాల్లోకి పోయినదీ, కారు గతుకుల్లో మింగినదీ, అంతా ఒక్కసారిగా బయటికొచ్చింది. చిన్నపిల్లాడిలా భోరుమన్నాడు. ఏడుస్తూనే తలుపు వైపు తిరిగాడు.

"ఆమనీ, నాన్న అరుస్తున్నాడే. మీ అమ్మ అరిచినందుకే నాకు ఆ రోజు ధైర్యంగా ఉందే. గొర్రెలు లేవు, కాపరీ లేడు. నువ్వు కూడా అరువమ్మా."

తలుపవతల ఒక్క క్షణం ఏమీ లేదు. ఆ తర్వాత ఆమని కేక వచ్చింది, గుండెల నిండా, గది తలుపులు అదిరేట్టు. కమలాకుమారి వరండా మధ్యలో నిలబడి ఏ వైపు పరిగెత్తాలో తెలియక ఏడ్చింది, నవ్వింది. చివరికి వంగి మొగుడి కాలు రెండు చేతులతో ఎత్తి, బాషా మళ్ళీ అమర్చిన పలక మీద పెట్టి, లోపలికి పరిగెత్తింది.

ఎండ తగ్గే వేళకి ఆడపిల్ల పుట్టింది. అదీ పుట్టగానే గట్టిగానే అరిచింది.

పురిటి స్నానం అయ్యాక చూడటానికి జనం వచ్చారు. రత్నమణి మోకాళ్ళు పట్టుకుని, చిన్న గౌను తీసుకుని, వీరులపాడు నుంచి బస్సెక్కి వచ్చింది. సుస్మిత ఫోన్ చేసి బిడ్డ బాగుందా అని అడిగింది. కమలాకుమారి కత్తెర్ల సంగతి అడిగింది. ఇంకా చాలామంది నెత్తురు చూడాలనీ, చెప్పడానికి టైముందనీ డాక్టరమ్మ అంది. ఈసారి నెత్తురు తీసేటప్పుడు సాంబయ్యగారు కావలసినంత అరవచ్చని కూడా చెప్పమంది.

జనం ఇంటినిండా కూర్చున్నాక రత్నమణి తమ్ముణ్ణి ఏదైనా కథ చెప్పమంది. ఊరుకునే మనిషా, సాంబయ్య అలవాటుగా గొంతు సవరించుకున్నాడు. "ఆమని పుట్టినప్పుడు మునేరు అవతల..." అని, అక్కడ ఆగాడు. ఉయ్యాల దగ్గర కూర్చున్న కమలాకుమారి వంక చూశాడు. తర్వాత కళ్ళు దించుకుని, నువ్వు చెప్పవే అన్నాడు.

కమలాకుమారి చెంగు దోపుకుంది. తీరిగ్గా మొదలుపెట్టింది. మనవరాలు పుట్టిన రోజున తాతగారు పెట్టిన కేక పాలేరు నది దాటిపోయిందనీ, రాష్ట్రం పొలిమేరలో గరికపాడు చెక్‌పోస్టు దగ్గర లారీలవాళ్ళు సైరనేమోనని బళ్ళన్నీ పక్కకి ఆపేశారనీ, తెలంగాణ వైపునుంచి ఎవరో పనిగట్టుకుని వచ్చి ఆ మహానుభావుడెవరో చూసి పోయారనీ చెప్పింది. చివర్లో కాసేపు ఆగి, ఈయనున్న ఇంటికి మైకు దండగంది. ఆమని ఉయ్యాల ఊపడం మానేసి కడుపు పట్టుకుని నవ్వింది. రత్నమణికి నవ్వీ నవ్వీ దగ్గొచ్చింది.

సాంబయ్య చెవులు ఎర్రబడ్డాయి. "ఇంతమందిలో ఇదే చెప్పాలంటే" అని గొణిగాడు.

"నవ్వుకోటానికే కదండీ" అంది కమలాకుమారి.

సాంబయ్య నవ్వాడు. సిగ్గుతో నవ్వాడు. అలవాటు కావడానికి ఇంకా టైముంది.